సాంచెల చప్పుడు లేని ఆల్బమ్ ఎవరి కోసం?

అక్టోబరు వచ్చిందంటే చాలు, మన యౌవనస్థుల ఫోన్లలో పోస్టర్ల వాన. "త్వరలో" అని పెద్ద అక్షరాలు, వెనక పొగ, నీలి వెలుతురు, మధ్యలో ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని తల వంచుకున్న ఒక తమ్ముడు. రెండు రోజులకు టీజర్, వారానికి ప్రోమో, ఆ తర్వాత "ఇంకా మూడు రోజులే" అని లెక్క. క్రిస్మస్ ముందు ఆల్బమ్ విడుదలవుతుంది. సంక్రాంతి నాటికి దాన్ని తీసిన సంఘానికే ఆ పాటలు గుర్తుండవు. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఇది కొత్తేం కాదు. ఇప్పుడు భివండిలోని మన తెలుగు కూటాల పిల్లలు కూడా బ్యాండ్లు కడుతున్నారు, వాటికి ఇంగ్లీషు పేర్లు పెట్టుకుంటున్నారు, పోస్టర్లు వేస్తున్నారు.

గిటారు మీద మాకు కోపం లేదు. బ్యాండ్ కట్టినందుకు సంతోషమే. కానీ ఆ పోస్టర్లు పంపి "ప్రార్థించండి, షేర్ చేయండి" అని అడుగుతున్న తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ మేం ఒక ప్రశ్న అడగదలిచాం. మీ ఇంటి గోడ అవతల రాత్రింబగళ్లు ఆడుతున్న సాంచెల చప్పుడు మీ పాటలో ఎందుకు వినబడదు? మీ వీడియోలో మంచు కురుస్తుంది. దేవదారు చెట్లు ఉంటాయి. గిటారు మోత అచ్చం సిడ్నీలో హిల్‌సాంగ్ వాళ్లు తయారుచేసిన మోత. మాటలు చూస్తే కొండలు, లోయలు, అలలు, తుఫాను. ఈ ఊళ్లో ఇవేవీ లేవు. ఉన్నవేవీ మీ పాటలో లేవు.

ఊరి సంగతి తెలియని పాఠకుల కోసం కాస్త చెప్పాలి. భివండి రోడ్ స్టేషన్ వసయి నుంచి దివా వెళ్లే లైను మీద ఉంది. ముంబై లోకల్ రైళ్ల జాతర ఇక్కడ కనిపించదు. మన తెలంగాణ పెద్దలు ఈ ఊరిని భివండి అనరు, భీమండి అంటారు. "బొంబాయి, భీమండి, షోలాపూర్, సూరత్": ఊళ్లో మగ్గం ఆగిపోయిన ఇంట్లో పిల్లవాడికి చెప్పిన దారులు ఇవే. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు నుంచి తరాలుగా వచ్చిన పద్మశాలీలు, వాళ్ల వెనకే వచ్చిన మిగతా కులాల కూలీలు, పద్మానగర్ చుట్టుపక్కల ఒక చిన్న తెలుగు దేశాన్నే కట్టుకున్నారు. లక్షల సంఖ్యలో మరమగ్గాలున్న ఊరు ఇది. ఇప్పుడు ఊరి చుట్టూ ఆన్‌లైన్ కంపెనీల గోదాములు కూడా లేచాయి. నాన్న సాంచె మీద, కొడుకు గోదాములో. 2020 మే మొదట్లో లాక్‌డౌన్ వేళ ఈ భివండి రోడ్ స్టేషన్ నుంచే గోరఖ్‌పూర్‌కు వలస కార్మికుల రైలు కదిలింది. ఊరికి ఊరే ఖాళీ అయింది. ఆ నెలల్లో సాంచెలు నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టలేదని చెప్పినవాళ్లున్నారు.

పన్నెండు గంటల షిఫ్టు. ఒక్కొక్కరు నాలుగు, ఆరు, కొన్నిచోట్ల ఎనిమిది సాంచెలు చూస్తారు. కూలి మీటరు లెక్కన. కరెంటు పోతే మీటర్లు ఆగుతాయి, వాటితో కూలీ ఆగుతుంది. ప్రావిడెంట్ ఫండు, ఈఎస్‌ఐ అనే మాటలు చాలా కార్ఖానాల గుమ్మం దాటి లోపలికి రాలేదు. దూది ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చప్పుడు తొంభై డెసిబెల్స్ దాటి ఉంటుంది. లోపల ఇద్దరు మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేకపోతే చేతులతో సైగ చేసుకోవాలి. ఇరవై ఏళ్లు అలా పనిచేసిన నాన్న ఇంట్లో టీవీ సౌండు ఎందుకంత పెంచుతాడో ఆ ఇంటి పిల్లలకు మేం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రాక్ వార్తల్లోకి వద్దాం, ఎందుకంటే మన పిల్లలు వాటిని శ్రద్ధగా చదువుతున్నారు. 2025 ఒక్క ఏడాదిలో ఈ ఊరికి 50 కిలోమీటర్ల లోపు ఏమేం జరిగాయో చూడండి. జనవరి 18, 19, 21 తేదీల్లో నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో కోల్డ్‌ప్లే. మార్చి 8, 9 తేదీల్లో మహాలక్ష్మి రేస్‌కోర్సులో లోలాపలూజా, అందులో గ్రీన్ డే. మే 17న అదే మైదానంలో గన్స్ ఎన్ రోజెస్. కోల్డ్‌ప్లే టికెట్టు 2,500 రూపాయల దగ్గర మొదలై 35,000 దాకా వెళ్లింది. ఆ పైరేటు అంటే ఒక సాంచె కార్మికుడి నెల కూలి కంటే ఎక్కువ. ఆ బ్యాండ్ల పేరున్న టీ షర్టు ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు అది ఎవరు అందించారు? భివండి గోదాముల్లో రాత్రి షిఫ్టు చేసే మన పిల్లల చేతుల మీదుగా ఎన్ని పొట్లాలు పోయాయో లెక్క ఎవరూ తీయరు.

ముంబైలో రాక్‌కు ఇల్లు దొరికిన తీరు ఇంకా విచిత్రం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బట్టల మిల్లుల కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు రెండున్నర లక్షల మంది. ఆ సమ్మె అధికారికంగా ఎన్నడూ ముగియలేదు, చాలా మిల్లులు మునుపటిలా మళ్లీ నడవనూ లేదు. అక్కడ ఆగిన నేత పెద్ద ఎత్తున భివండి సాంచెల మీదికి వచ్చింది. మిల్లులో యూనియన్ ఉండేది, ఎనిమిది గంటల పాళీ ఉండేది. ఇక్కడికి వచ్చేసరికి అది పన్నెండు గంటలయింది, అడిగే బలం పోయింది. మరి ఖాళీ అయిన మిల్లుల్లోకి ఏం వచ్చాయి? మాల్స్ వచ్చాయి. 2006లో వర్లీలో బాంబే డైయింగ్ మిల్లు ఆవరణలో హార్డ్ రాక్ కేఫ్ వచ్చింది. 2007లో లోయర్ పరేల్ మథురాదాస్ మిల్స్ కాంపౌండులో బ్లూ ఫ్రాగ్ అనే సంగీత క్లబ్బు వచ్చింది. దేశంలోని ఎన్నో బ్యాండ్లు అక్కడ వాయించడం గొప్పగా చెప్పుకునేవి. ఆ క్లబ్బున్న వీధి పేరు ఎన్.ఎం. జోషి మార్గ్. ఏఐటీయూసీ పుట్టుకలో పాలు పంచుకున్న కార్మిక నాయకుడు ఆయన. మగ్గం భివండికి పోయింది, ఆ చోట గిటారు కూర్చుంది, వీధికి మాత్రం కార్మిక నాయకుడి పేరు మిగిలింది. మన పిల్లలు ఆ గిటారును ఇన్నేళ్లకు భివండికి తెచ్చుకున్నారు. మగ్గానికీ గిటారుకూ ముఖాముఖి పరిచయం చేసే అవకాశం దేశంలో ఎవరికైనా ఉంటే అది వీళ్లకే ఉంది. వీళ్లు మంచు గురించి పాడుతున్నారు.

ఇక సంఘ పెద్దల మాట. రాక్ అంటే సాతాను సంగీతం అని, డ్రమ్ములు శరీరాన్ని రేపుతాయని, చెవులు పాడవుతాయని మన బల్లల మీంచి ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయ్యగారూ, మీ సంఘంలో చెవుడు వచ్చినవాళ్లను ఒక ఆదివారం లేచి నిలబడమనండి. వాళ్లలో రాక్ విని చెవులు పోయినవాళ్లు ఎందరు, సాంచెల మధ్య పోయినవాళ్లు ఎందరు? గిటారు మీద మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టిన సంఘం ఒకటుంది. చెవుల్లో పెట్టుకునే బిరడాలు కార్మికులకు ఇవ్వమని ఒక్క సేఠ్‌ను అడిగిన సంఘం మాకు ఇంతవరకూ కనబడలేదు.

పెద్దలు భయపడే ఆ పేరే తీసుకుందాం. బ్లాక్ సబ్బాత్ అనగానే మన అమ్మమ్మలు "యేసు రక్తమే జయం" అంటారు. ఆ బ్యాండ్ పుట్టింది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, కార్ఖానాల ఊళ్లో. గిటారు వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో షీట్ మెటల్ కార్ఖానాలో పనిచేసేవాడు. ఆఖరి రోజు పనిలో యంత్రం కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కుర్రాడు కాబట్టి తీగలు నొక్కాల్సిన చెయ్యి అదే. ఇక వాయించలేననుకుని కూర్చుంటే, కార్ఖానా ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. నిప్పు ప్రమాదంలో వేళ్లు దెబ్బతిన్నా గిటారు వదలని జాంగో రైన్‌హార్ట్ రికార్డు అది. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వేళ్లు నొప్పెడతాయని తీగలు సన్నవి వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించుకున్నాడు. ఇవాళ హెవీ మెటల్ అని ప్రపంచమంతా పిలిచే ఆ బరువైన మోత వెనక కార్ఖానాలో తెగిన వేళ్లున్నాయి. చిన్నప్పటినుంచీ చెవుల్లో మోగిన యంత్రాల చప్పుడు తమ సంగీతంలోకి వచ్చిందని ఆ బ్యాండ్ వాళ్లే చెప్పుకున్నారు. పాటలు రాసిన గీజర్ బట్లర్ క్యాథలిక్ ఇంటి పిల్లవాడు. 1971లో వచ్చిన వాళ్ల మూడో ఆల్బమ్‌లో దేవుణ్ణి ఎగతాళి చేసేవాళ్లను నిలదీసే పాట ఒకటుంది. ఇది మన బల్లల మీద ఎవరూ చెప్పరు.

2025 జూలై 5న ఆ బ్యాండ్ తన ఆఖరి కచేరీ సొంత ఊళ్లో, విల్లా పార్క్ మైదానంలో చేసింది. అదే నెల 22న ఓజీ ఓస్బోర్న్ చనిపోయాడు. మన యౌవనస్థులు స్టేటస్‌లు పెట్టారు. పెట్టనీయండి. కానీ వేలు తెగిన కుర్రాడి కథ చదివి మన కాలనీలో వేలు తెగిన అన్న గుర్తుకు రాకపోతే, ఆ స్టేటస్ పెట్టి ఏం లాభం?

వాళ్లు పరిశుద్ధులని మేం అనడం లేదు. మత్తు వాళ్లలో చాలామందిని తినేసింది. అదే బర్మింగ్‌హామ్‌లో 1976 ఆగస్టులో ఎరిక్ క్లాప్టన్ వేదిక మీంచి వలస వచ్చినవాళ్లను తిట్టిపోశాడు. నల్లజాతివాళ్ల బ్లూస్ సంగీతం వాయించి పెద్దవాడైన మనిషి అలా మాట్లాడాడు. దానికి సమాధానంగా కొందరు కలిసి రాక్ అగెయినెస్ట్ రేసిజం అనే ఉద్యమం మొదలుపెట్టారు. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో ద క్లాష్ లాంటి పంక్ బ్యాండ్లు, నల్లజాతి కుర్రాళ్ల స్టీల్ పల్స్ ఒకే వేదిక ఎక్కారు. అంటే రాక్ లోపలే తగాదా ఉంది. ఎటు నిలబడాలో అందులోనూ ఎంచుకోవాలి.

పంక్ అంటే జుట్టుకు రంగు, ముక్కుకు పిన్ను అని మనవాళ్ల అభిప్రాయం. మద్యం ముట్టని పంకులు ఉన్నారని చెబితే నమ్మరు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ 1981లో తాగుడు, మత్తు వద్దని చెప్పే ఒక చిన్న పాట పాడింది. దాని పేరు మీదనే స్ట్రెయిట్ ఎడ్జ్ అనే ధోరణి మొదలైంది. ఆ బ్యాండ్‌లో పాడిన ఇయాన్ మకాయ్ తర్వాత ఫుగాజీ అనే బ్యాండ్ కట్టి, టికెట్టు ఐదు డాలర్లకు మించకూడదని పట్టుబట్టాడు. ఆ ఊళ్లో పాజిటివ్ ఫోర్స్ అనే యువజన బృందం నిరుపేదల కోసం పెట్టిన పంక్ కచేరీలు ఎన్నో సెయింట్ స్టీఫెన్స్ అనే చర్చిలో జరిగాయి. కాలిఫోర్నియాలో బర్క్లీ ఊళ్లో గిల్మన్ వీధి హాలు ఇంకొకటి. 1986 డిసెంబరు 31న తెరిచారు. మందు లేదు, మత్తు లేదు, జాతి వివక్ష, ఆడపిల్లల్ని కించపరచడం, కొట్లాట ఏదీ లేదు, ఏ వయసువాళ్లయినా రావచ్చు. మన యూత్ మీటింగుల కంటే కచ్చితమైన నియమాలు. 2025లో ముంబై వచ్చిన గ్రీన్ డే ఆ హాల్లోనే పెరిగింది. వాళ్లు పెద్ద మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాక, కంపెనీ బ్యాండ్లకు చోటు లేదని ఆ హాలు వాళ్లకు తలుపు మూసింది. ఆ నియమం మరీ కఠినం అనిపించవచ్చు. కానీ ఆల్బమ్ విడుదల మీద అలాంటి ప్రశ్న వేసే సంఘం మనకు ఒక్కటైనా ఉందా? ఎవరి డబ్బుతో తీశారు, ఎవరికి లాభం, ఎవరి పేరు పోస్టర్ మీద లేదు అని మనం ఎప్పుడైనా అడిగామా?

అన్నిటికంటే మా మనసును పట్టుకున్నది తూర్పు జర్మనీ కథ. 1980ల్లో అక్కడ బ్యాండ్ వాయించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పంక్ కుర్రాళ్లకు అది దొరకదు. రోడ్డు మీద కనబడితే పోలీసులు లాక్కెళ్లేవారు. నామెన్‌లోస్ అనే బ్యాండ్ వాళ్లను 1983లో పాటల కోసమే జైల్లో పెట్టారు. ఆ పిల్లలకు తలుపు తెరిచింది ప్రొటెస్టెంట్ చర్చిలు. తూర్పు బెర్లిన్‌లో రైనర్ ఎపెల్‌మన్ అనే పాస్టరు 1979 నుంచి బ్లూస్ ఆరాధనలు నడిపాడు, వేలమంది వచ్చేవారు. ఇంకొన్ని చర్చిల్లో పంకులకు గది ఇచ్చారు, వాయించనిచ్చారు. ఆ పిల్లల్లో చాలామందికి విశ్వాసం లేదు. పాస్టర్లకు ఆ సంగీతం నచ్చి ఉండదు కూడా. రహస్య పోలీసులు వెనకవరుసలో కూర్చుని రాసుకునేవాళ్లు. అయినా తలుపు మూయలేదు. 1987 అక్టోబరు 17న జయోన్స్ చర్చిలో కచేరీ జరుగుతుంటే నియో నాజీలు లోపలికొచ్చి జనాన్ని చితకబాదారు. తర్వాత కూడా చర్చిలు వెనక్కి తగ్గలేదు. రెండేళ్లకు గోడ కూలినప్పుడు ఆ చర్చిల్లో పోగైన జనం వీధుల్లో ఉన్నారు.

ఇది దూరదేశపు కథ అనుకునేవాళ్లు భివండి రోడ్‌లో పన్వేల్ వైపు రైలెక్కి చూడండి. కోపర్, దివా దాటాక కొంతసేపటికి తలోజా పంచానంద్ అనే స్టేషన్ వస్తుంది. తలోజా సెంట్రల్ జైలు ఆ ప్రాంతంలోనే ఉంది. పూణేలో 2002లో మొదలైన కబీర్ కళా మంచ్ గాయకులు సాగర్ గోర్ఖే, రమేశ్ గాయ్‌చోర్‌లను 2020 సెప్టెంబరులో అరెస్టు చేశారు. వాళ్ల చేతుల్లో ఉన్నది డప్పులు, పాటలు. ఆ మరుసటి నెల 8న రాంచీలో ఫాదర్ స్టాన్ స్వామిని అరెస్టు చేశారు. ఎనభై మూడేళ్లు, చేతులు వణికే జబ్బు. ఆయన మీద, ఆ గాయకుల మీద పెట్టిన చార్జిషీటు ఒక్కటే. మన వరవరరావు గారు అదే కేసులో అంతకుముందే అరెస్టయ్యారు. 2021 జూలై 5న బెయిలు రాకుండానే ఫాదర్ స్టాన్ ముంబైలో ఆసుపత్రిలో కన్నుమూశారు. పాట పాడినవాళ్లనూ, ఆదివాసీల భూమి గురించి మాట్లాడిన యాజకుణ్ణీ ప్రభుత్వం ఒకే కాగితం మీద రాసింది. ప్రభుత్వానికి తెలిసిన ఆ బంధం మన ఆరాధన బృందాలకు తెలియలేదు. ఆ ఏడాది వచ్చిన మన క్రిస్మస్ ఆల్బమ్‌లలో ఫాదర్ స్టాన్ కోసం పాట ఉందేమో వెతికాం. మాకు ఒక్కటీ దొరకలేదు.

ఇంకొకటి. 2020 సెప్టెంబరు 21 తెల్లవారకముందే భివండి పటేల్ కాంపౌండులో జిలానీ బిల్డింగ్ కూలింది. నిద్రలో ఉన్న దాదాపు 40 మంది చనిపోయారు. వాళ్లలో సాంచె కార్మికుల కుటుంబాలున్నాయి, చాలామంది పసిపిల్లలు. పాడుబడిన భవనాలు ఈ ఊళ్లో ఇంకా ఎన్నో ఉన్నాయి, మన కుటుంబాలు వాటిలోనే అద్దెకున్నాయి. ఆ డిసెంబరులో కూడా మన వీడియోల్లో మంచే కురిసింది.

"ఆరాధన పాటలో రాజకీయాలెందుకు అన్నా" అని అడిగే తమ్ముళ్లు ఉన్నారు. లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియ పాడిన పాట చదవండి. సింహాసనాల మీది బలవంతుల్ని దేవుడు దించేశాడని, ఆకలిగొన్నవాళ్లను నింపి ధనవంతుల్ని ఉత్తచేతులతో పంపేశాడని ఆ పల్లెటూరి పిల్ల పాడింది. మన మొట్టమొదటి క్రిస్మస్ పాటల్లో ఒకటి అది. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం కూలి ఎగ్గొట్టిన యజమానులకు రాసింది. పొలం కోసిన కూలీల మొర సైన్యములకధిపతి చెవిని పడిందంటాడు ఆయన. సాంచెల మోతలో కూడా దేవుడి చెవి పనిచేస్తుందన్నమాట. ఆమోసు తన కాలపు ఆరాధన సంగీతం గురించి ఏమన్నాడో ఐదో అధ్యాయంలో ఉంది. దేవుడికి ఆ వాయిద్యాలు వినబుద్ధి కాలేదు. కళాకారులు శ్రుతి తప్పారని ఆయన ఎక్కడా అనలేదు. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, ఆఖర్న ఒక్క హల్లెలూయ కూడా ఉండదు. 137వ కీర్తన వలసపోయినవాళ్లది. చెరపట్టినవాళ్లు సంతోషంగా ఏదైనా పాడమంటే సితారాలు చెట్లకు తగిలించి కూర్చున్నవాళ్లది. భీమండి బస్సెక్కిన ప్రతి కుటుంబానికీ ఆ కీర్తన అర్థమవుతుంది. దానికి మన బ్యాండ్లు ఎందుకు బాణీ కట్టవు? ఎందుకంటే అది "పాజిటివ్"గా లేదు, షేర్లు రావు.

మన భాషలో ఈ దారి లేకపోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు దొరల రాగాలు పక్కన పెట్టి ఈ నేల రాగాల్లో కీర్తనలు కట్టారు. అప్పటికి అదే కొత్త సంగీతం. ఇవాళ ఆ కీర్తనలను కవచంలా పట్టుకుని గిటారును తరిమే పెద్దలు ఆ సంగతి గుర్తు పెట్టుకుంటే బాగుండును. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా 1941లో గబ్బిలం చేతికి అంటరానివాడి ఫిర్యాదు ఇచ్చి పంపాడు. పక్క రాష్ట్రంలో 2018 జనవరిలో పా. రంజిత్, టెన్మా కలిసి ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బ్యాండ్‌ను చెన్నై వేదిక ఎక్కించారు. గానా, రాప్, రాక్ కలిపి కులం మీద పాడే బ్యాండ్ అది. అందులో పాడిన అరివు తన ముత్తాతల టీ తోటల బతుకును 2021లో "ఎంజాయ్ ఎంజామీ"లో పెడితే దేశమంతా ఎగిరింది. అయినా ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద అరివు బొమ్మ లేదు. పా. రంజిత్ లేచి అడిగాక గానీ చర్చ మొదలు కాలేదు. పోస్టర్ల ప్రపంచం ఎలా నడుస్తుందో మన పిల్లలు ఇక్కడ నేర్చుకోవచ్చు.

భయం లేదని మేం అనం. సేఠ్ పేరు పెట్టకపోయినా, పాట విని ఏ కార్ఖానా గురించో ఊళ్లో అందరికీ తెలుస్తుంది. మరునాడు నాన్నకు సాంచెలు ఇవ్వకపోవచ్చు. అద్దె ఇల్లు ఖాళీ చేయమనవచ్చు. అందుకే ఈ మాట పిల్లలకంటే ముందు కాపరులకు చెబుతున్నాం. బెర్లిన్ పాస్టర్లు చేసింది అదే. పాట బరువు పిల్లల మీద పడనీయకుండా సంఘం భుజానికెత్తుకుంది. ఆల్బమ్ సంఘం పేరు మీద రానీయండి. పాడినవాళ్ల పేర్లు అవసరమైతే దాచండి. సేఠ్ వచ్చి అడిగితే అయ్యగారు జవాబు చెప్పాలి. మీటరు లెక్కన బతికే ఇళ్లలో ఆల్బమ్ కోసం చందాలు రాయించడం మాత్రం ఆపండి. స్టూడియో గంటల కిరాయి, డ్రోన్ కెమెరా, పొగ మిషను లేకపోతే పాట బయటికి రాదని ఎవరు చెప్పారు? పంక్ బ్యాండ్లు క్యాసెట్లలో, గ్యారేజీల్లో రికార్డు చేసుకున్నాయి. మీ ఫోన్ వాటికంటే మెరుగైన యంత్రం.

బ్యాండ్లోని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు కొన్ని పనులు. షిఫ్టు మారే వేళ ఒక కార్ఖానా గుమ్మం దగ్గర ఫోన్ పెట్టి సాంచెల చప్పుడు రికార్డు చేయండి. నాడె నిమిషానికి వందకు పైగా అటూ ఇటూ కొడుతుంది. డ్రమ్మరుకు వేరే తాళం అక్కర్లేదు. బిస్సీల్లో వందమందికి అన్నం వండే అక్కల దగ్గర, ఇంటి గడపలో కూర్చుని బట్ట దారాలు కత్తిరించే అమ్మల దగ్గర గంటసేపు కూర్చోండి, మాటలు వాళ్ల నోటినుంచి వస్తాయి. వాళ్లకు ఇష్టమైతే కవర్ మీద వాళ్ల పేర్లు మీ పేర్ల కంటే పైన వేయండి. తెలుగు, హిందీ, మరాఠీ కలగలిసిన మీ ఇంటి భాషలోనే రాయండి, గ్రాంథికం దిద్దడానికి మేం రాము. అరవాలనిపిస్తే అరవండి. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాళ్లకు అరుపు వినడం కొత్త కాదు.

రికార్డింగుకు గది దొరక్కపోతే మాకు కబురు పెట్టండి. గది వెతకడం, పక్కింటివాళ్లు గొడవ చేస్తే సర్దిచెప్పడం, పెద్దలు పిలిచి అడిగితే వెళ్లి కూర్చోవడం మా వంతు. డ్రమ్ములు మాత్రం మీరే మోసుకుని రండి.